మరకకీ పొరకీ తేడా

మా ఆయన చేతులు ఊరుకోవు. పెళ్ళయి ఇరవై ఏడేళ్ళయింది, ఆ వేళ్ళు ఒక్కచోట నిలవగా నేను చూడలేదు. నిద్రలో కూడా దుప్పటి అంచు వెంట ఏదో వెతుకుతున్నట్టు కదులుతుంటాయి. భోజనానికి కూర్చుంటే కంచం అంచు తడుముతాడు. ఎవరింటికైనా వెళితే గోడ మీద అరచెయ్యి వేసి, "లోపల పైపు కారుతున్నట్టుందండీ" అని ఆ ఇంటివాళ్ళ గుండెల్లో రాయి పడేసి వస్తాడు. ఒకసారి చుట్టాలింట్లో పసిపిల్లాడి నుదురు నిమురుతుంటే అందరూ ముద్దు చేస్తున్నాడనుకున్నారు. "నూటొకటి ఉంటుంది, చూడండి" అన్నాడు. థర్మామీటరు పెట్టి చూస్తే నూటొకటే.

మా వీధిలో మెకానిక్కులు ఆయనకి పెట్టిన పేరు వేలిముద్ర. చదువురానివాడనుకునేరు, సంతకం ముత్యాల్లా పెడతాడు. ఏ ఇంజను ముందు నిలబడినా కన్నుకంటే ముందు వేలు పెడతాడని ఆ పేరు. ఆయనకి దాని మీద కోపం లేదు. కోపమంతా నాకే. "వేలిముద్రగారి ఆవిడ" అని పిలిస్తే ఎవరికి ఒళ్ళు మండదు?

మా ఇంటి ముందు గదిలో నా కుట్టు మిషను ఉంటుంది. స్కూలు యూనిఫారాలు, కర్టెన్లు, దిండు గలేబులు, పొడుగైన ప్యాంట్లు పొట్టి చెయ్యడం, ఇవీ నా పనులు. వెనక రేకుల షెడ్డు, అది ఆయనది, కార్లు పక్క సందులోంచి అందులోకి వస్తాయి. రెంటికీ మధ్య తలుపు లేదు, నేను కుట్టి వేలాడదీసిన పరదా ఉంది. దానికి నడుము ఎత్తున ఒక నల్ల మచ్చ. రోజుకి నలభైసార్లు ఆ పరదా తోసుకుని ఇటు వస్తాడు. "టీ ఉందా?" అంటాడు. ఉందంటే తాగడు. కిటికీలోంచి వీధి చూస్తాడు, నేను కుడుతున్న గుడ్డ అంచు రెండు వేళ్ళతో నలిపి, "ఇది ఉతికితే కుంచించుకుపోతుంది" అని చెప్పి వెళ్ళిపోతాడు. కూర్చోరా నాయనా అని మా అత్తగారు బతికినన్నాళ్ళూ బతిమాలింది. ఆవిడ వల్ల కాలేదు, నా వల్లా కాలేదు.

ఇంత కుదురులేని మనిషి ఒక్క పనిలో మాత్రం కుదురుగా ఉంటాడు. హెడ్డు దించే పని. ఇంజనుకి కింది సగం బ్లాకు, పై సగం హెడ్డు, మధ్యలో గ్యాస్కెట్ అని ఒక పల్చటి రేకు. నిప్పు, నీళ్ళు, నూనె, ఈ మూడూ అక్కడ అంగుళం దూరంలో పక్కపక్కనే తిరుగుతుంటాయట. ఒకదాని జోలికి ఒకటి పోకుండా చూసేది ఆ రేకే. నాకూ మా ఆడపడుచుకీ మధ్య మా ఆయన ఉన్నట్టన్నమాట. అది కాలిపోతే ఇంజను ఆవిర్లు కక్కుతుంది, నూనెలో నీళ్ళు కలిసి పాలెక్కువైన టీ రంగుకి తిరుగుతుంది. అప్పుడు హెడ్డు దించి, పాత గ్యాస్కెట్ గీకి, కొత్తది వెయ్యాలి. వేరే షెడ్లవాళ్ళు మిగతా పనులన్నీ చేసుకుంటారు గానీ, హెడ్డు దించాల్సొస్తే మా ఇంటికి పంపిస్తారు. ఆయన దించి ఎక్కించిన హెడ్డు ఇరవై ఏడేళ్ళలో ఒక్కటీ తిరిగి రాలేదు. ఆ మాట ఆయన ఎప్పుడూ అనడు, నేనే అందరికీ చెబుతుంటాను.

ఎందుకు తిరిగి రాదో కూడా చెబుతాను. గీకడం అందరూ గీకుతారు. బ్లేడుతో గీకి, థిన్నరు గుడ్డతో తుడిస్తే బ్లాకు మెరుస్తుంది, కొత్త గ్యాస్కెట్ పరిచేస్తారు. మా ఆయన అక్కడ ఆగుతాడు. చేతులు సబ్బుతో కడుక్కుని, మొహం గోడవైపు తిప్పి, కళ్ళు మూసుకుని, నడివేలు బ్లాకు మీద పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి లాగుతాడు. నీళ్ళ రంధ్రాల అంచులు, నూనె రంధ్రం అంచు, బోల్టు రంధ్రాల చుట్టూ. పావుగంట. ఆ పావుగంటా షెడ్డులో ఎవరూ మాట్లాడకూడదు. "మరక ఉంటే ఉండనీ, పొర ఉండకూడదు. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. తేడా వేలికే తెలుస్తుంది" అంటాడు. ఉబ్బెత్తో పల్లమో చూడ్డానికి ఉక్కు స్కేలు ఉంది, బోల్టులు బిగించడానికి లెక్క ప్రకారం టిక్కుమనే రెంచి ఉంది, అవన్నీ వాడతాడు. కానీ ఆఖరి మాట మాత్రం వేలిదే.

ఈ ఎండాకాలం మొదట్లో లెక్కల టీచరు కారు వచ్చింది. ఆవిడ కొండ మీద స్కూల్లో పాఠాలు చెబుతుంది, రోజూ కారులో కొండెక్కి దిగుతుంది. ఒంటరి మనిషి, గీత గీసినట్టుండే మనిషి. ఆయన హెడ్డు దించాడు. రెండో సిలిండరుకీ మూడో సిలిండరుకీ మధ్య గ్యాస్కెట్ కాలిపోయి ఉంది. హెడ్డుని లేత్ మిషను దగ్గరికి పంపి చదును చేయించాడు, బ్లాకు తనే గీకాడు, పావుగంట కళ్ళు మూసుకున్నాడు, కొత్త గ్యాస్కెట్ వేసి బిగించాడు. టీచరు కారు తీసుకుని వెళ్ళింది.

ఇరవై రెండో రోజున అదే కారు తాడు కట్టించుకుని మా షెడ్డు ముందుకి వచ్చింది.

కొండ దారిలో సగంలో ఆగిపోయిందట. టీచరు దిగి, చెప్పులకంటిన మట్టి దులుపుకుని, ఆయన ముందు నిలబడింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఏమయిందో నాకు తెలుసండీ, నూనెలో నీళ్ళు కలిశాయి. ఎందుకయిందో చెప్పండి" అంది.

ఆయన నూనె మూత తీసి చూశాడు. మూత లోపల టీ రంగు నురగ. మూత మళ్ళీ బిగించాడు.

"గ్యాస్కెట్ నాసిరకం టీచరుగారూ. షాపువాడు అంటగట్టాడు."

పరదా ఇవతల నేను నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఒక ప్యాంటు అంచు మడుస్తున్నాను. సూదులు మింగినంత పనయింది. ఎందుకంటే ఆ షాపువాడు ఎవరో కాదు, మా అన్నయ్య. మూడు వీధుల అవతల స్పేరు పార్టుల షాపు. ఆయన వాడే ప్రతి గ్యాస్కెటూ అక్కడి నుంచే వస్తుంది. ఇన్నేళ్ళలో ఒక్కటీ నాసిరకం రాలేదు.

టీచరు అలా వీధి మలుపు తిరిగిందో లేదో, నేను ఒంటికాలి మీద లేచాను.

"మా అన్నయ్య మీకు నాసిరకం అంటగట్టాడా?"

"నేను మీ అన్నయ్య పేరెత్తానా?"

"పేరెత్తడం ఒక్కటే తక్కువ! ఆవిడ తిన్నగా షాపుకి వెళ్ళి అడిగితే ఏం చెబుతాడు?"

"అడగదులే."

"లెక్కల టీచరండీ ఆవిడ. అడక్కుండా ఉంటుందా?"

 ఆయన వేళ్ళు కారు తలుపు మీద టకటకలాడుతున్నాయి.

తర్వాత మూడు రోజులు ఆయన ఆ కారు జోలికి పోలేదు. కాలుగాలిన పిల్లిలా ఇంట్లోంచి షెడ్డులోకి, షెడ్డులోంచి ఇంట్లోకి ఒకటే తిరుగుడు. పానాలన్నీ డబ్బాలోంచి తీసి తుడిచి సర్దాడు, మర్నాడు మళ్ళీ తీసి తుడిచాడు. బానెట్ ఎత్తేవాడు, వంగి చూసేవాడు, దించేసేవాడు. ఆ బానెట్ చప్పుడు విన్నప్పుడల్లా నా మిషను మీద కుట్టు పక్కకి పోయేది. కోపంతో అనుకున్నాను గానీ, అది కోపం కాదు. ఏదో తేడాగా ఉందని నాకు తెలుస్తోంది, అదేమిటో పట్టుబడడం లేదు. ఆ మూడు రోజుల్లో ఒక చొక్కాకి కుడి చెయ్యి ఎడమవైపు కుట్టాను. నా జన్మలో అలాంటి పని చెయ్యలేదు.

అప్పుడు ఒక్కొక్కటీ గుర్తు రావడం మొదలైంది. ఈ మధ్య చొక్కా బొత్తాలు చూసుకుంటూ పెట్టుకుంటున్నాడు, వెనకటికి మాట్లాడుతూ పెట్టుకునేవాడు. జేబులో తాళంచెవి కావాలంటే జేబంతా బల్ల మీద కుమ్మరిస్తున్నాడు. పోయిన వారం పొయ్యి మీది గిన్నె ఉత్త చేతులతో దించి, తాపీగా బల్ల దాకా మోసుకెళ్ళి పెట్టాడు. "అబ్బో, వీరుడు!" అని నేను వెక్కిరించాను కూడా.

మూడో రోజు మధ్యాహ్నం పరదా తోసుకుని వచ్చాడు. "టీ ఉందా?" అన్నాడు. తలెత్తి చూద్దును కదా, ఆయన కుడిచేతి నడివేలి కొసలో గుండుసూది దిగి వేలాడుతోంది. అంతకుముందే పరదా అంచు విప్పి మళ్ళీ మడిచి సూదులు గుచ్చి ఉంచాను, తోసుకుని వస్తుంటే అందులో ఒకటి గుచ్చుకున్నట్టుంది. వేలి చివర చిన్న రక్తపు బొట్టు. ఆయన కిటికీలోంచి వీధి చూస్తూ, సాయంత్రం వాన పడేలా ఉందని చెబుతున్నాడు.

 లేచి వెళ్ళి చెయ్యి పట్టుకుని సూది లాగేశాను. లాగినప్పుడు కూడా ఆయన ఉలిక్కిపడలేదు. సూది వైపు చూశాడు, నా వైపు చూశాడు. నాకు నోరెక్కువని ఇంటా బయటా అందరికీ తెలుసు. ఆ రోజు నోరు పెగల్లేదు. ఆయన టీ అడిగిన సంగతి మర్చిపోయి వెళ్ళిపోయాడు.

నాలుగో రోజు పొద్దున్నే టీచరు ఫోను చేసింది. రెండు బస్సులు మారి కొండెక్కుతున్నాననీ, రేపు మధ్యాహ్నానికి కారు కావాలనీ చెప్పింది. ఇక తప్పించుకునే దారి లేదు. ఆయన హెడ్డు దించడానికి దిగాడు, నేను మిషను మీద గుడ్డ కప్పేసి షెడ్డులోకి వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాను. "నీకేం పని ఇక్కడ?" అనలేదు. ఆ అనకపోవడానికే నాకు మరింత భయమేసింది.

ముందు బ్యాటరీ వైరు తీశాడు. అడుగు మూత విప్పి నీళ్ళు తొట్టెలోకి వదిలాడు. గాలి గొట్టం, నీళ్ళ గొట్టాలు, వైర్లు ఒక్కొక్కటే విప్పి ఏది ఎక్కడిదో కాగితం చీటీ అంటించాడు. ఎడమ చెయ్యి పట్టుకుంటే కుడి చెయ్యి విప్పుతోంది, కళ్ళు మాత్రం రెండు చేతుల్నీ కనిపెట్టుకుని ఉన్నాయి. ఒక చిన్న నట్టు జారి ఇంజను సందులో పడింది. వెనకటికైతే చెయ్యి దూర్చి మూడు లెక్కపెట్టేలోపు తీసేవాడు. ఇప్పుడు టార్చి పెట్టి, అయస్కాంతం కట్టిన పుల్లతో పది నిమిషాలు తిప్పలు పడ్డాడు. ఆ నట్టు నాకు కనబడుతున్నా నేను చెప్పలేదు. చెప్పాలో వద్దో తోచలేదు.

బెల్టు తీసి, పై మూత తీశాక హెడ్డు బోల్టులు. అవి పది. ఒకదాన్నే పూర్తిగా విప్పేస్తే హెడ్డు వంకర తిరుగుతుందట. చివరల నుంచి మొదలుపెట్టి మధ్యకి వస్తూ, ఒక్కోదాన్ని పావు మర వదులుచేసి, మళ్ళీ మొదటికొచ్చి ఇంకో పావు. అట్టముక్కకి పది కన్నాలు పెట్టి, ఏ బోల్టు తీస్తే ఆ కన్నంలో గుచ్చాడు. తర్వాత రబ్బరు సుత్తితో పక్కన రెండు తట్టగానే చప్పుడు మారింది. ఇద్దరం చెరోవైపు పట్టుకుని హెడ్డు ఎత్తి బల్ల మీద పెట్టాం. గ్యాస్కెట్ బ్లాకుకి అంటుకుని ఉంది. దాన్ని ఊడదీసి వెలుతురులోకి పట్టుకెళ్ళి అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. అందులో తప్పు వెతుకుతున్నాడని నాకు అర్థమైంది. ఎంత కోపమొచ్చిందో అంత జాలేసింది.

సరిగ్గా అప్పుడే మా అన్నయ్య ఊడిపడ్డాడు. నేను అనుకున్నట్టే టీచరు షాపుకి వెళ్ళి అడిగింది. అన్నయ్య చేతిలో కొత్త గ్యాస్కెట్ ప్యాకెట్ ఉంది, మొహం కందగడ్డలా ఉంది. మా అన్నయ్య నోట్లో నువ్వుగింజ నానదు. మా ఇంట్లో ఏ గుట్టయినా సాయంత్రానికి వాడి షాపు కౌంటరు మీద ఉంటుంది.

"బావా, నేను నాసిరకం అమ్ముతానా? ఇదిగో, ఇది అదే పెట్టెలోది. ఇలాంటివి ఈ నెలలో పదకొండు అమ్మాను. ఒక్కడు వచ్చి అడిగాడేమో కనుక్కో!"

"పదకొండు బాగుంటే పన్నెండోది బాగుండాలని ఏం లేదుగా" అన్నాడు మా ఆయన.

"అయితే చూపించు. ఎక్కడ పోయిందో చూపించు."

ఇద్దరూ పాత గ్యాస్కెట్ మీద పడ్డారు. ఒకడు చిరిగిందంటాడు, ఒకడు ఊడదీసినప్పుడు చిరిగిందంటాడు. వాళ్ళ గోలలో నేను లేచి బ్లాకు దగ్గరికి వెళ్ళాను. ఇరవై ఏడేళ్ళుగా ఆయన కళ్ళు మూసుకుని తడమడం చూస్తూనే ఉన్నాను, నేనెప్పుడూ ముట్టుకోలేదు. చీర చెంగుతో వేలు తుడుచుకుని, మధ్యలో ఒక నీళ్ళ రంధ్రం పక్కన పెట్టి మెల్లగా లాగాను. ఇనుము చల్లగా, నున్నగా ఉంది. నూనె రంధ్రం వైపు వెళుతుంటే వేలికి ఏదో తగిలింది. గుడ్డ మీద దారం ముడి తగిలినట్టు, అంతే. కంటికి చూస్తే బూడిదరంగు మరక. పక్కన అలాంటి మరకలు పది ఉన్నాయి, అవేవీ వేలికి తగలడం లేదు. ఇదొక్కటే తగులుతోంది.

"ఇక్కడేదో ఉంది" అన్నాను.

ఇద్దరూ నోరు మూశారు. మా ఆయన వచ్చి నా వేలు ఉన్నచోట తన వేలు పెట్టాడు. అటు లాగాడు, ఇటు లాగాడు. కళ్ళు మూసుకుని మళ్ళీ లాగాడు.

"ఏముంది? మరక" అన్నాడు.

అన్నయ్య చెయ్యి చాచి అదే చోట వేలు ఆనించాడు. ఆనించగానే వాడికి తెలిసిపోయింది, నాకు కనబడింది. వాడు బావ మొహంలోకి చూశాడు, బావ వేలికేసి చూశాడు. ఎన్నేళ్ళ నుంచో ఎదురుచూసిన అవకాశం వాడిది. ఊరంతా టముకు వెయ్యొచ్చు. వాడు ప్యాకెట్ బల్ల మీద పెట్టి, "ఇది వేసుకో బావా" అని చెప్పి, నెమ్మదిగా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఈ సంగతి వాడి నోట ఎక్కడా వినలేదు. మా అన్నయ్య మీద నాకు ఉన్నట్టుండి ప్రాణమిచ్చేంత ప్రేమ పుట్టింది.

మా ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. అవి కదలడం లేదు.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"చలికాలం నుంచి. మొదట చలికేమో అనుకున్నా."

"ఏ వేళ్ళు?"

"నడివేలు, చూపుడువేలు. బొటనవేలు సగం."

"ఎడమ చెయ్యి?"

"అదీ మొదలైంది."

"మరి పావుగంట కళ్ళు మూసుకుని ఏం చేస్తున్నారు?"

ఆయన నేలకేసి చూశాడు. "తెలుస్తుందేమోనని చూస్తున్నా. ఒక్కోసారి తెలిసినట్టే ఉంటుంది."

నాకు ఏడుపొచ్చింది, దాన్ని కోపంగా మార్చడం నాకు అలవాటు. "నాకు చెప్పడానికేం? డాక్టరుకి చూపించుకోడానికేం? ఇంట్లో మనిషినా, వీధిలో మనిషినా నేను?"

"చెబితే డాక్టరంటావు. వెళ్తే ఆయన నిజమే అంటాడు. అప్పుడు నేను..."  అరచేతులు తిరగేసి చూసుకుని, "ఈ పని తప్ప నాకేం వచ్చు?" అన్నాడు.

 సోమవారం డాక్టరు దగ్గరికి వెళుతున్నామని చెప్పాను, అడగలేదు. తల ఊపాడు.

తర్వాత లేచి ఆ చోట బ్లేడు పడుకోబెట్టి గీకాడు. చింతగింజ పొట్టంత పొర లేచి వచ్చింది. మొదటిసారి దించినప్పుడు మిగిలిపోయిన పాత గ్యాస్కెట్‌ది. నీళ్ళ రంధ్రానికీ నూనె రంధ్రానికీ సరిగ్గా మధ్య కూర్చుని, కొత్తదాన్ని అక్కడ అతుక్కోనివ్వలేదు. అందులోంచి నీళ్ళు చెమ్మచెమ్మగా నూనెలోకి దిగాయి. దాన్ని అరచేతిలో పెట్టుకుని ఆయన చాలాసేపు చూశాడు.

బ్లాకు మొత్తం మళ్ళీ గీకి, తుడిచి, బోల్టు రంధ్రాల్లో నూనె చుక్క లేకుండా గుడ్డ దూర్చి తీశాడు. అప్పుడు సబ్బు తెచ్చి నా చేతికిచ్చాడు. "కడుక్కో. ఉంగరం తీసెయ్. వేలు నొక్కకు, ఆనీ ఆననట్టు లాగు. ఒక వరస అయ్యాక రెండో వరస." నేను కళ్ళు మూసుకున్నాను. ఇంత చిన్న ఇనుప బల్ల మీద ఎన్ని అంచులున్నాయో అప్పుడు తెలిసింది. మొదటిసారి రెండు చోట్ల తగిలింది. ఆగినప్పుడల్లా నేను చెప్పకముందే, "అక్కడేనా?" అంటున్నాడు. కళ్ళు తెరిచి చూస్తే ఆయన నా వేలిని చూడడం లేదు, నా మొహం చూస్తున్నాడు. ఆ రెండూ గీకాడు. రెండోసారి ఒకటి. మూడోసారి ఏమీ లేదు. మూడోసారి అయ్యేసరికి నా వీపు చెమటతో తడిసిపోయింది. ఇన్నేళ్ళూ ఈ మనిషి ఇంత భయం మోశాడా అనిపించింది.

అన్నయ్య తెచ్చిన గ్యాస్కెట్ పరిచాం. హెడ్డు ఎక్కించాం. కొత్త బోల్టులు మధ్య నుంచి చివరలకి, మూడు విడతలుగా, రెంచి టిక్కుమనేదాకా బిగించాడు. మర్నాడు పొద్దున్న మిగతావన్నీ తగిలించి, కొత్త నూనె, కొత్త నీళ్ళు పోసి తాళం తిప్పాడు. ఇంజను రెండు దగ్గులు దగ్గి అందుకుంది. బాగానే ఉంది. కానీ పోయినసారి కూడా బాగానే ఉంది, ఇరవై రెండు రోజులు.

ఇక నా మనసుకి ఒకటే పట్టుకుంది. టీచరు వచ్చి ఎందుకయిందని అడుగుతుంది. ఈయన ఏం చెబుతాడు? నిజం చెబితే సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది, వేలిముద్రకి వేళ్ళు పోయాయని. ఇంకెవరు హెడ్డు పంపిస్తారు? చెప్పకపోతే మా అన్నయ్య పేరు అలాగే ఉండిపోతుంది. నేను చెబితే చాడీ అవుతుంది, ఆయన చెబితేనే మాట. మధ్యాహ్నం దాకా ఆయన ఎన్నిసార్లు గుమ్మం దాకా వెళ్ళి వచ్చాడో, నేనూ అన్నిసార్లు వెళ్ళి వచ్చాను. ఒకసారి గుమ్మంలో ఎదురుపడి ఒకరికొకరం దారి ఇచ్చుకోలేక అటూ ఇటూ ఊగాం.

టీచరు చెప్పిన వేళకే వచ్చింది. పక్క షెడ్డువాళ్ళిద్దరు టీ గ్లాసులతో అక్కడే నిలబడి ఉన్నారు. ఆయన వాళ్ళు వెళ్ళేదాకా ఆగుతాడనుకున్నాను. ఆగలేదు.

"టీచరుగారూ, ఆ రోజు మీకు అబద్ధం చెప్పాను. గ్యాస్కెట్ మంచిదే. షాపాయన తప్పేం లేదు. నా వేళ్ళకి స్పర్శ పోయింది. పాత ముక్క ఒకటి ఉండిపోతే నాకు తెలియలేదు."

పక్క షెడ్డువాళ్ళ గ్లాసులు అలాగే గాల్లో ఆగిపోయాయి. టీచరు మనసులో లెక్క చేసుకుంటున్నట్టు కాసేపు నిలబడింది.

"మరి ఈసారి ఎవరు చూశారు?"

"మా ఆవిడ."

ఆవిడ నావైపు తిరిగింది. నాకు స్కూల్లో పలక పట్టుకుని నిలబడినట్టయింది.

"ఎన్నిసార్లు చూశారు?"

"మూడుసార్లండీ."

"మూడుసార్లూ ఒకటే వచ్చిందా?"

"లేదండీ. మొదట రెండు, తర్వాత ఒకటి. మూడోసారి ఏం తగల్లేదు."

"సరే. ఇద్దరూ కారెక్కండి" అంది. "కొండ మీదికి వెళ్ళి వద్దాం. ఆగితే ముగ్గురం కలిసి తోద్దాం."

వెనక సీట్లో కూర్చున్నాం. ఊరు దాటి కొండ దారి మొదలుకాగానే ఆయన ముందు సీట్ల మధ్యకి వంగి వేడి చూపించే ముల్లు మీద చూపు నిలిపాడు. ముల్లు కాస్త కదిలితే ఈయన కదిలేవాడు. మూడో మలుపులో టీచరు అద్దంలోంచి చూసి, "వెనక్కి కూర్చోండి. నాకు రోడ్డు కనబడడం లేదు" అంది. అంతమంది బతిమాలినా కూర్చోని మనిషి ఆవిడ ఒక్క మాటకి వెనక్కి జారగిలబడ్డాడు.

చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియలేదు. తలుపు మీద పెట్టాడు, తీశాడు, ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆఖరికి నా చెయ్యి అందుకున్నాడు. అందుకుని, మొహం కిటికీవైపు తిప్పేసుకున్నాడు. బయట రాళ్ళూ పొదలూ వెనక్కి పోతున్నాయి. పోయినసారి కారు ఆగిపోయిన మలుపు ఇదేనని టీచరు చెప్పింది. అది దాటాం. నేను ముల్లు చూశాను, మధ్యలోనే ఉంది. ఇంజను మూలుగుతూ ఎక్కుతోంది.

స్కూలు రేకులు కనబడుతున్నాయి. ఆయన కిటికీలోంచి మొహం తిప్పకుండానే, టీచరుకి వినబడకుండా నన్ను అడిగాడు.

"నీ చెయ్యి పట్టుకునే ఉన్నానా?"

"పట్టుకునే ఉన్నారు" అన్నాను.

ఆయన వేళ్ళు ఎప్పుడో వదులైపోయాయి. పట్టుకుని ఉన్నది నేను.